అపరాత్రి కాని రాత్రి

ఏడు గంటలకే ఆకలేసింది నాకు.
వంటిల్లు తెరవలేదన్నాడు హోటలు కుర్రాడు,
ఇంకా మధ్యాహ్నమే కదా అన్నట్టు చూసి.
ఆగస్టు ఎండ గోడల్ని వదల్లేదింకా,
గిన్నెకి మాడంటినట్టు.
పదింటికి ఆలివ్ కాయలొచ్చాయి.
పదిన్నరకి, ఏమిటని అడక్కుండానే తినేశాను,
వేయించిన గొర్రె పేగులు,
కాగితం పొట్లంలోంచి, నిమ్మకాయ పిండుకుని.

మాడ్రిడ్‌లో లావాపియెస్ పేట.
సందు సందుకీ రంగు కాగితాల తోరణాలు.
బాల్కనీల్లోంచి వేలాడే పట్టు శాలువాల కుచ్చులు
కింద నడిచేవాళ్ల తలలు నిమరాలని చూస్తున్నాయి.
ఎవరో పునీతుడి పండగట.
ఎవరని నలుగుర్ని అడిగితే
ముగ్గురు మూడు పేర్లు చెప్పారు,
నాలుగో ఆయన గ్లాసు చేతిలో పెట్టాడు:
తెల్ల వైనులో నిమ్మరసం, పంచదార, ఆపిల్ ముక్కలు.
ఈయనే అయ్యుంటాడనుకున్నాను.

మా భాషలో ఒక మాటుంది.
"ఎక్కడికే ఈ అపరాత్రి వేళ?"
గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టినట్టుంటుంది ఆ మాట.
సూట్‌కేసులో బట్టల మధ్య అదీ వచ్చేసినట్టుంది,
పన్నెండు కొట్టగానే భుజం తట్టింది.
చుట్టూ చూశాను.
మడత కుర్చీల్లో ముసలమ్మలు,
విసనకర్రలు టపటపలాడిస్తూ.
చర్చి తలుపే గోలుపోస్టుగా
బంతి తంతున్న ఐదేళ్ల పిల్లాడు.
తోపుడు బండిలో పసిపాప
కళ్లు పత్తికాయలు చేసుకుని.
ఎవరూ ఎవర్నీ ఇంటికి పదమనడం లేదు.

నా పక్క కుర్చీ కాసిల్దాది.
తలకి తెల్ల గుడ్డ, దాని మీద ఎర్ర కార్నేషన్ పువ్వు,
మోకాలికి బ్యాండేజీ.
నాకొచ్చిన స్పానిష్ ముప్పై మాటలు,
ఆమెకొచ్చిన ఇంగ్లీషు మూడు,
మిగతాదంతా చేతులే చెప్పాయి.
ఎదురుగా ఆమె మొగుడు రెమీహియో,
గళ్ల టోపీ, గళ్ల కోటు, మెడలో తెల్ల రుమాలు,
బస్సు తప్పినవాడిలా
ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఎవరో మర తిప్పారు, పెట్టె పాడడం మొదలెట్టింది.
ఈ నాట్యంలో మగవాడు
ఒక్క పలక దాటి అడుగు బయట పెట్టకూడదట.
పాదాలు జోడించి, ఉన్నచోటే తిరగాలి.
చుట్టూ నడవాల్సింది ఆడది.
"అంటే పనంతా మనదే" అని కన్ను గీటి
తన మోకాలు చూపించింది, ఆయన్ని చూపించింది,
నన్ను రెక్క పట్టుకు లేపింది.
"తిప్పి తీసుకురా. పోగొట్టకు."

ఆయన చెయ్యొకటి జేబులో, ఒకటి నా చేతిలో.
నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాడట,
బతుకంతా పైకీ కిందకీ,
ఆగస్టులో మాత్రం ఇలా గుండ్రంగా.
గానుగెద్దులా బయల్దేరాను నేను.
రెండో చుట్టులో ఆయన బూటు తొక్కాను.
మూడో చుట్టులో తెలిసింది,
ఆయన నన్ను చూడ్డం లేదు.
నా భుజం మీదుగా, ప్రతి చుట్టుకీ,
ఆ మడత కుర్చీ ఎదురయ్యే చోట
ఆయన తల ఒక్క క్షణం ఆగుతోంది,
అంతస్తుకి వెంట్రుకవాసి తేడా లేకుండా
ఆగిన లిఫ్టులా.

తర్వాత ఎంతసేపో.
మందుల షాపు పచ్చ దీపం
నాలుగూ పది, ముప్పై డిగ్రీలు అంది.
ఈ వేళకి వాళ్ల భాషలో ఓ పేరుంది, మద్రుగాదా.
కాసిల్దా పలికితే
అందులో తిట్టు వినిపించలేదు.
మా మాట మొదట్లోని ఆ రెండక్షరాలు
ఏ సందులో జారిపోయాయో, నేను వెతకలేదు.

వీధి కడిగే మనిషి గొట్టంతో వచ్చాడు.
కాగితాలు, గ్లాసులు, నిమ్మ తొక్కలు
నీళ్లకి ముందు పరుగెత్తాయి.
అప్పుడు లేచింది కాసిల్దా.
చేతికర్ర నాకిచ్చి,
కుంటుకుంటూ, ఒకే ఒక్క చుట్టు.
పెట్టె ఎప్పుడో ఆగిపోయింది,
ఆయనే ముక్కుతో రాగం తీశాడు.
కడిగే మనిషి గొట్టం పక్కకి వంచి పట్టుకున్నాడు,
చూపు మాత్రం చేతి గడియారం మీదే.

వాళ్లు కుర్చీ మడుచుకుని వెళ్లాక చూస్తే
వీధంతా తడి, ఒక్క పలక పొడి.
అతను దాన్నీ తడిపేసి
ఈల వేసుకుంటూ ముందుకెళ్లాడు.

మలుపులో ఎక్కడో నూనె కాగుతోంది,
చుర్రోలు, చిక్కటి చాక్లెట్.
అప్పటికే జనం వరస కట్టారు.
ఆకలేసింది నాకు,
ఈసారి సరైన వేళకే.